నూకయ్య నుయ్యి

దివాణం తోటలో మోటనుయ్యి ఉంది, చూశారూ? చూసుండరు లెండి, మీ అమ్మలు మిమ్మల్ని అటు పోనిస్తే కదా. దాన్నే నూకయ్య నుయ్యి అంటారు. అందులో నీళ్ళు లేవు, గిలక ఎప్పుడో ఊడిపోయింది, ఒరల మీద రావిమొక్కలు మొలిచాయి. అయినా మిట్టమధ్యాహ్నం వేళ ఈ ఊళ్ళో ఎవడైనా అటు వెళ్ళగా చూశారా? మేక తప్పిపోయినా వెళ్ళరు. మేకదేముంది, ఆకలేస్తే అదే వస్తుంది అంటారు. ఎందుకయ్యా అంటే దెయ్యం ఉంది అంటారు. దెయ్యం అంటే మీకు విరబోసుకున్న జుట్టూ వెనక్కి తిరిగిన పాదాలూను. అలాంటిదే అయితే నేనే వెళ్ళి చూసొచ్చేవాణ్ణి. ఇది వేరు. కాస్త దగ్గరకి జరగండి, నా గొంతు ఇప్పుడంత దూరం పోదు.

ఆ దివాణం కట్టించింది పెద్దరాజుగారు. ఆయనకి గుర్రాల మీదా ఏనుగుల మీదా మోజు లేదు, మొక్కల పిచ్చి. సింహళం నుంచి, బర్మాలోని రంగం నుంచి, ఇంకా మనకి నోరు తిరగని దేశాల నుంచి ఓడల మీద మొక్కలు తెప్పించి, కాకినాడ రేవులో దింపించి, తడిగోనెలు కప్పి ఎడ్లబళ్ళ మీద ఇక్కడిదాకా తోలించేవారట. జాజికాయ, కర్పూరం, నాగలింగం, అదీ ఇదీ అని లేదు. చెట్టుకో రేకుబిళ్ళ, బిళ్ళ మీద పేరు. అంత తోటకీ ఒక్కడే పెద్దమాలి, నూకయ్య. చదువు రాదు గానీ ఆ బిళ్ళల మీద ఉన్నదంతా ఆయన నోట్లో ఉండేది.

అన్నిటిలోకీ గేటు పక్కన పెట్టిన శ్రీతాళం అంటే రాజుగారికీ నూకయ్యకీ ప్రాణం. తాటిచెట్టు లాంటిదే, కానీ దీని ఒక్క ఆకు కింద పదిమంది వానకి తడవకుండా నిలబడొచ్చు. అది బతుకంతటికీ ఒక్కసారే పూస్తుంది. అరవయ్యేళ్ళకో డెబ్భయ్యేళ్ళకో నెత్తి మీద నిలువెత్తు పొత్తి, అంటే పూమొగ్గ, వేసి, దీపాల గుత్తి వెలిగించినట్టు పూసి, కాయలు కాసి, ఇక చచ్చిపోతుంది. నూకయ్య ఇరవయ్యేళ్ళవాడప్పుడు రాజుగారూ ఆయనా కలిసి దాన్ని పాతారు. ఇది పూసేనాటికి నేనుండనురా, నువ్వు చూసి చెప్పు అన్నారట రాజుగారు. పోయాక ఎవరికి చెప్తాడు, అని అడక్కండి, అన్నారంతే.

ఆ తర్వాత జమీందారీలు పోయాయి, రాజుగారు పోయారు, వాళ్ళ వాళ్ళు పట్నాలకి పోయారు. నూకయ్య పోలేదు. జీతం ఇచ్చేవాడు లేడు, ఎడ్లు చచ్చిపోయాయి, అయినా కుండలతో తోడి పోసేవాడు. ఒక కరువు వేసవిలో నుయ్యి ఎండిపోతే ఊట తవ్వడానికి పలుగు పట్టుకుని ఒక్కడే దిగాడు. ఒర కూలింది. ఎప్పుడు తెలిసింది మనకి? నాలుగోనాడు. నాలుగు రోజులు ఊళ్ళో ఒక్కడు కూడా నూకయ్య కనబళ్ళేదేమిటి అనుకోలేదు. నేనప్పుడు నిక్కర్లు వేసుకునేవాణ్ణి, బాగా జ్ఞాపకం.

సరే, అలా పాతికేళ్ళు గడిచాయి. దివాణం పైకప్పు ఒకవైపు దిగబడింది, తోటంతా ముళ్ళకంపలా అల్లుకుపోయింది. అప్పుడు గవర్నమెంటువారికి హఠాత్తుగా దివాణం మీద ప్రేమ పుట్టి, ఇల్లు బాగుచేయించి, తోట మళ్ళీ పెంచి, పదిమందికీ చూపించాలని, మొక్కల చదువు చదివిన ఒకావిణ్ణి పంపించారు. సుభాషిణిగారని, నలభై దాటని మనిషి, సన్నగా ఉండేది, మాట మాత్రం కొడవలి. మా వదిన సత్తెమ్మ ఇంట్లో గది తీసుకుని అక్కడే భోంచేసేది. ఆవిడ లోపల పడ్డ బాధంతా నాకు మా వదిన చెబితేనే తెలిసింది. బయట జరిగింది నేనే చూశాను, ఆవిడ కింద తోటపని చేసిన కూలీల్లో నేనూ ఒకణ్ణి.

ఏ కష్టమని చెప్పను ఆవిడది? ఇంటి పని చేసే కాంట్రాక్టరు గవర్రాజు. పాత గోడలు గానుగ సున్నంతో కట్టినవి, కరక్కాయ నీళ్ళూ బెల్లం నీళ్ళూ పోసి తొక్కిన సున్నం. వాటి మీద సిమెంటు పూస్తే పట్టదు బాబూ అని ఆవిడ మొదటిరోజే చెప్పింది. ఎస్టిమేటులో సున్నం లేదు మేడంగారూ, సిమెంటే ఉంది అన్నాడు. పూశాడు. నెల తిరక్కుండా పెచ్చులు పెచ్చులుగా రాలింది. మళ్ళీ పూశాడు. మళ్ళీ రాలింది. ఆవిడ పైకి ఉత్తరం రాస్తే, మీరు మొక్కల సంగతి చూసుకోండి అని జవాబు. మొక్కల సంగతి చూసుకుందామంటే, పైనుంచి పటం వచ్చింది, ఫలానాచోట మూడొందల గులాబీలు, ఫలానాచోట క్రోటన్లు అని. తోటని కంటితో చూడనివాడు గీసిన పటం. కర్పూరం చెట్టు నీడలో గులాబీలేమిటి అని తల పట్టుకుంది. అయినా ఉద్యోగం కదా, పాతించింది.

పాతిన రోజు నుంచే మొదలైంది. మేం పన్నెండుకి అన్నాలకని కాలవగట్టుకి వెళ్ళేవాళ్ళం, ఒంటిగంటకి వచ్చేవాళ్ళం. వచ్చి చూస్తే పొద్దున్న పాతిన మొక్కలన్నీ పీకేసి ఉండేవి. పీకి పారేస్తే వేరు సంగతి. ఒక్కొక్కదాని వేళ్ళకీ తడిగోనె చుట్టి, వరండా నీడలో, పసిపిల్లల్ని పడుకోబెట్టినట్టు వరసగా పెట్టి ఉండేవి. ఒక్క వేరు తెగలేదు.

ఆవిడకి ఎవరి మీద అనుమానం వస్తుంది? మా మీదే. మీలో ఎవరు చేస్తున్నారయ్యా ఈ పని అని కేకలేసింది. మేం ఒట్టు పెట్టుకున్నాం. నమ్మలేదు. మాకు కోపం వచ్చి రెండు రోజులు పనిలోకి వెళ్ళలేదు. మేం వెళ్ళని రోజుల్లో ఆవిడే గునపం పట్టి నలభై మొక్కలు పాతుకుంది. ఆ నలభై కూడా పీకేసి ఉన్నాయి. అప్పుడు మా వదిన దగ్గర కూర్చుని, అన్నం కలిపి ముద్ద ఎత్తకుండా, "సత్తెమ్మా, ఇంతమంది మనుషులతో పడలేక చస్తుంటే ఇదేమిటే" అందట. మా వదిన నోరాగక నూకయ్య సంగతి చెప్పేసింది. ఆవిడ నవ్వలేదు, భయపడలేదు. ఏ వేళకి వస్తాడు అని అడిగిందట, అంతే.

మర్నాడు మేం అన్నాలకి వెళ్తుంటే ఆవిడ రాలేదు. వరండాలో స్తంభం వెనక కూర్చుంది. సూర్యుడు నడినెత్తికి వచ్చాడు, నీడలన్నీ చెట్ల కాళ్ళ కిందకి దూరాయి, పక్షి కూయడం మానేసింది. అప్పుడు నుయ్యి వైపు నుంచి గిలక చప్పుడు, కిర్రు కిర్రుమని. గిలక ఎక్కడుంది? లేదు. పగిలిపోయిన రాతికాలవలో నీళ్ళు పారుతున్న చప్పుడు. చుక్క నీరు లేదు. ఆ చప్పుడు గులాబీల మడి దాకా వచ్చి ఆగింది, ఆవిడ చూస్తుండగానే ఒక మొక్క మొదట్లో మట్టి మెల్లగా వదులైంది, మొక్క పైకి లేచింది, ఎవరో దులిపినట్టు దాని వేళ్ళ మట్టి రాలింది.

మీరైతే ఏం చేస్తారు? పరిగెత్తుతారు, నేనైనా అంతే. కానీ మూడు నెలలుగా ఆఫీసుతో వేగి, గవర్రాజుతో వేగి, మాతో వేగి ఉన్న మనిషికి భయపడే ఓపిక కూడా మిగల్లేదు. లేచి నిలబడి, "ఏయ్! పెట్టు దాన్ని అక్కడ!" అని అరిచింది.

మొక్క గాల్లోనే ఆగింది. "అరుస్తావేంటమ్మా," అంది ఒక ముసలి గొంతు, విసుగ్గా. "నీడ మడిలో గులాబీ పెడితే చచ్చిపోద్ది. చదువుకున్నావంటారు, ఆమాత్రం తెలీదా?"

"నాకు తెలీదనుకున్నావా తాతా? పటం నేను గీశానా?"

"మరి ఎవరు గీశారు?"

"ఎవరో. పట్నంలో."

"వాణ్ణి రమ్మను," అన్నాడు నూకయ్య, ఆ మొక్కని తీసుకెళ్ళి నీడలో పెట్టాడు.

అదీ మొదలు. ఆ తర్వాత రోజూ ఆ గంటసేపు ఇద్దరికీ పోట్లాటే. ఆ గంట తప్ప ఆయనకి లోకం లేదు, పన్నెండు కొట్టేముందు లేడు, ఒంటిగంట తర్వాత లేడు. ఆవిడ ఏది పాతినా ఆయన ఒప్పుకోడు. ఇది లోతు చాలదు, అది తూర్పుకి తిరగాలి, ఈ గుంట ఎవడు తవ్వాడమ్మా, కుక్క తవ్విందా అనేవాడట. అదేం మాట, ఆ గుంట తవ్వింది నేనే. ఆవిడకి వచ్చిన కోపం ఏమిటంటే, ఆయన చెప్పింది ప్రతిదీ నిజం. ఒక్కటి తప్పయినా ఊరట ఉండేది. అలా పోట్లాడుతూనే, బిళ్ళలు ఊడిపోయిన చెట్లన్నిటి పేర్లూ ఆయన్నడిగి పుస్తకంలో రాసుకుంది. ఏది ఏ దేశానిది, ఏ ఏడు వచ్చింది, ఏ నెలలో పూస్తుంది, అంతా. నాలుగు నెలల్లో నూట పన్నెండు చెట్లకి పేర్లు తిరిగొచ్చాయి. మేం దూరం నుంచి చూస్తే ఏం కనిపించేది? ఎర్రటి ఎండలో ఒక ఆడమనిషి చేతులు తిప్పుతూ గాలితో తగువాడుతూ ఉండేది. గవర్రాజు ఆ మాట కూడా పైకి చేరేశాడు. పటంలో ఉన్న గులాబీలు ఎందుకు లేవో సంజాయిషీ ఇవ్వమని మెమో వచ్చింది. ఏమని రాస్తుంది చెప్పండి? మాలి ఒప్పుకోవడం లేదని రాస్తుందా?

ఒకనాడు ఆయన పోట్లాడకుండా మెల్లగా అన్నాడట, "అమ్మా, శ్రీతాళానికి కొత్త ఆకులు చిన్నవవుతున్నాయి చూశావా? అది పూత ముందు వచ్చే గుర్తు. నేను ఇన్నేళ్ళు ఉన్నది దానికోసమే. పూసిందని చూసుకుంటే నాకింక ఈ తోటతో పని లేదు." ఆవిడ చూసింది. నిజమే. ఆ రోజు రాత్రి మా వదినతో, నా ఉద్యోగంలో ఒక్క మంచి పని జరిగిందంటే అది ఈ చెట్టు పూయడమే అవుతుంది అందట.

సరిగ్గా అప్పుడే కాగితం వచ్చింది. ఎవరో పెద్దమనిషి వచ్చి దివాణం తెరుస్తారని, నాలుగైదు కార్లు లోపలికి రావాలని, గేటు దగ్గర అడ్డుగా ఉన్న చెట్టు తీసేసి దారి వెడల్పు చేయాలని. ఆవిడ ఆ కాగితం పట్టుకుని నూతి దగ్గరకే వెళ్ళింది. "తాతా, నేను రేపు జిల్లా ఆఫీసుకి వెళ్ళి దీన్ని రద్దు చేయించుకొస్తాను. నేనుండగా దాన్ని ఎవరూ ముట్టుకోరు," అంది. అనకుండా ఉంటే బాగుండేది. మాటిచ్చినవాళ్ళకే కదా బాధ.

వెళ్ళింది. ఆఫీసరుగారు మీటింగులో ఉన్నారన్నారు. సాయంత్రం దాకా బల్ల మీద కూర్చుంది. రేపు రమ్మన్నారు. రెండోరోజు పొద్దున్నే వెళ్తే, ఆయన కాంపుకి బయల్దేరుతుంటే జీపుకి అడ్డం నిలబడి, చెట్టు గురించి చెప్పి, ఇది జిల్లాలో మరొకటి లేదు, వచ్చే ఏడు పూస్తుంది, పూస్తే చూడ్డానికి మీరే వస్తారు అని బతిమాలి, చివరికి జీపు బానెట్టు మీదే సంతకం పెట్టించుకుంది. ఆ కాగితం జాకెట్లో పెట్టుకుని పరుగున వచ్చి బస్సెక్కింది.

ఇక్కడ ఆ పొద్దున్నే గవర్రాజు మమ్మల్ని పిలిచాడు. నలుగురం. నూకయ్య మధ్యాహ్నం గానీ రాడు కదా, పదింటిలోపు కానిచ్చేయండి అన్నాడు. మేం అమ్మగారు వచ్చేదాకా ఆగుదామన్నాం. ఆగితే రేపట్నుంచి మీరు పనిలోకి రానక్కర్లేదన్నాడు. ఆగలేదు మేం. అంతకంటే చెప్పడానికేం లేదు. పొద్దున్నే మొదలుపెట్టాం, చెట్టు మెత్తనే గానీ నార గొడ్డలిని వదలదు, నలుగురం వంతులేసుకుని కొట్టాం. పదకొండు అవుతుండగా పడింది. పడ్డప్పుడు మొవ్వు విచ్చిపోయింది. లోపల ఉంది పొత్తి. నిలువెత్తున, తెల్లగా, ఏనుగుదంతంలాగ. చెయ్యి వేస్తే చల్లగా ఉంది.

బస్సు దిగి ఆవిడ వచ్చింది. దూరం నుంచే ఆకాశం ఖాళీగా కనబడుంటుంది, పరిగెత్తుకుంటూ వచ్చింది. జాకెట్లోంచి కాగితం తీసి గవర్రాజు మొహం ముందు పెట్టింది. వాడు చదివి, "నాకు పాత కాగితం ముందొచ్చింది మేడంగారూ, నేనేం చేస్తాను," అన్నాడు. ఆవిడ పొత్తి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని చూస్తూ ఉండిపోయింది. అంతలో ఎవడో అన్నాడు, పన్నెండవుతోందిరా అని. అంతే, గొడ్డళ్ళు వదిలేసి అందరూ పరుగు. గవర్రాజు అందరికంటే ముందు. నేను మాత్రం ప్రహరీ దాటి గోడ వెనక నక్కి కూర్చున్నాను. అందుకే ఆ తర్వాతది కూడా నాకు తెలుసు.

ఆవిడ లేచి, గబగబా నూతి దగ్గరకి వెళ్ళింది. ఎందుకు? ఆయన అలవాటుగా గేటు వైపు నడిచొచ్చి తన కళ్ళతో చూడకముందే తాను చెప్పాలని. ఒర పట్టుకుని నిలబడింది. గిలక చప్పుడు మొదలైంది.

"కాగితం తెచ్చావా తల్లీ?" అన్నాడు. తల్లీ అనడం అదే మొదలు.

"తెచ్చాను తాతా. గేటు వైపు వెళ్ళకు."

"ఏం?"

"నేను లేనప్పుడు కొట్టేశారు."

గిలక మెల్లగా తిరుగుతోంది. తర్వాత అడిగాడు, "పొత్తి ఉందా లోపల?"

లేదని చెప్పొచ్చు. లేదంటే ఆ ముసలాయన, ఇంకా వేళ కాలేదులే అనుకుని ఊరుకునేవాడేమో. మా వదిన కూడా తర్వాత అదే అడిగింది, ఎందుకమ్మా నిజం చెప్పావని. ఆ తోటలో ఆయన ఒక్కడే నాకు ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు సత్తెమ్మా అందట.

"ఉంది తాతా," అంది. "నిలువెత్తుంది."

గిలక ఆగింది. ఆ వెంటనే తాడు వదిలేసినట్టు సర్రుమని చప్పుడు, నీళ్ళు తోడే బాన లోపలికి పడిపోతోంది, పోతోంది, పోతూనే ఉంది. అడుగు తగిలిన చప్పుడు మాత్రం రాలేదు. నేను చెవి రిక్కించుకుని వింటూనే ఉన్నాను. రాలేదు.

ఆ మర్నాటి నుంచి మొక్కలు పీకడం ఆగిపోయింది. గులాబీలు పటంలో ఉన్నట్టే నీడలో పాతారు. ఆవిడ రోజూ పన్నెండింటికి వరండాలో కూర్చునేది, ఒక్కటైనా పీకుతాడేమోనని. పీకలేదు. పెద్దమనిషి వచ్చి రిబ్బను కత్తిరించిన రోజున, గవర్రాజు ఆ పొత్తిని పెద్ద ఇత్తడి గంగాళంలో నిలబెట్టి, పూలదండ వేసి, గుమ్మం పక్కన పెట్టించాడు. పెద్దమనిషి దాన్ని చూసి, అలంకారం చాలా బాగుందయ్యా అన్నాడు. సుభాషిణిగారు ఆ మాట విని, మెట్లు దిగి, మా వదిన ఇంటికొచ్చి పెట్టె సర్దుకుంది. చెట్ల పేర్ల పుస్తకం మాత్రం ఆఫీసులో అప్పజెప్పి సంతకం తీసుకుందట. ఆ పుస్తకం ఏ బీరువాలో ఉందో ఎవరికీ తెలీదు. ఆవిడ తర్వాత మళ్ళీ ఈ వైపు రాలేదు. రెండేళ్ళు తిరక్కుండా గులాబీలు మాడిపోయాయి, సిమెంటు రాలిపోయింది, గేటుకి తాళం పడింది. ముప్పయ్యేళ్ళు కావస్తోంది.

అయితే ఇప్పుడు భయం దేనికి, ఆయన వెళ్ళిపోయాడుగా అంటారు. మేమూ అలాగే అనుకున్నాం. తాళం పడ్డాక, మేకలు కాసే లోవతల్లి ఒక మధ్యాహ్నం ప్రహరీ కూలినచోట నుంచి లోపలికి వెళ్ళింది. నూతిలోంచి ఒక గొంతు అడిగిందట, కోపంగా కాదు, దారి అడిగినట్టు మామూలుగా, "ఆ గొడ్డళ్ళు ఎవరివమ్మా?" అని. అది మేకల్ని వదిలేసి వచ్చేసింది. ఆ తర్వాత ఇటుకలు ఏరుకుందామని వెళ్ళిన తాపీమేస్త్రీనీ అదే అడిగాడు. వాడు పైఊరివాడు, తెలీదు బాబూ అన్నాడట, నిజంగానే తెలీదు గనక బతికి బయటపడ్డాడు.

మీకు తెలుసు, ఇప్పుడు నేను చెప్పాను గనక. నలుగురిలో నేను మిగిలాను. మిగతా ముగ్గురి మనవలూ ఇక్కడే, నా ఎదురుగా కూర్చుని ఉన్నారు, ఎవరెవరో నేను పేరు పెట్టి చెప్పను. ఆయన దగ్గర అబద్ధం నిలవదు, అడిగితే చెప్పేస్తారు. కాబట్టి అటు వెళ్ళకండి. ఇక లేవండి, అన్నాలు చల్లారిపోతున్నాయి.